తొమ్మిది రోజుల పిల్ల

పోయిన పత్తి కాలంలో నేను రెండింటి కోసం ఎదురుచూశాను. మొదటిది ఎప్పుడొస్తుందో జనగామ దవాఖానలో డాక్టరమ్మ కార్డు మీద రాసిచ్చింది, డిసెంబరు పన్నెండు అని. రెండోది ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పే డాక్టరు ఎవరూ లేరు.

ఆ రెండోది నా నవల. జనగామలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతూ, పిల్లల పేపర్లు దిద్దిన ఎర్రపెన్నుతోనే నా పేజీలూ దిద్దుకుంటూ మూడేళ్లు రాశాను. మూడో నెలలో వాంతులు పట్టుకున్నాక స్కూలు మానేశాను గానీ నవల మానలేదు. జూన్ చివర్లో నాలుగు కాపీలు తీయించి, మూడింటిని హైదరాబాదులో ముగ్గురు ప్రచురణకర్తలకు కొరియర్ చేశాను. నాలుగోది బీరువాలో చీరల కింద పెట్టుకున్నాను.

మా ఊరు పాలకుర్తి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. ఇంట్లో ముగ్గురమే. నేను, జనగామ ఎరువుల దుకాణంలో పనిచేసే మా ఆయన ఐలేశ్, మా అత్తమ్మ కట్టమ్మ. మామయ్య సోమనర్సయ్య నా పెళ్లయిన రెండో ఏడు పోయాడు. తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి పోవాలి. నర్మెట్టలో నాకు అన్నావదినలున్నారు గానీ అమ్మ లేదు. ఏడో నెల పడగానే వాళ్లు తీసుకుపోతామని మర్యాదకు వచ్చారు. అత్తమ్మ వాళ్లకు చాయ్ పోసి, "తల్లి లేని తల్లిగారిల్లు ఏంది? పురుడు నేనే పోస్త. మీరు తొట్టెలకు రాండ్రి, సాలు" అని సాగనంపింది. అప్పుడు మా వదిన మొహంలో వెలిగిన సంతోషం నాకింకా గుర్తే.

అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా నా పుస్తకం మీద ఆమెకున్న పట్టింపు మా ఆయనకు లేదు. రోజూ పొద్దున గేదె పాలు పిండుకొచ్చి గిన్నె దించుతూనే అడిగేది.

"వచ్చిందా?"

"రాలేదత్తమ్మ."

"పత్తి బండి మార్కెట్ల వెట్టంగనే కొంటరా? చెయ్యి లోపటికంట వెట్టి తేమ సూస్తరు. సూడనియ్."

ఆగస్టులో ఒక జవాబు వచ్చింది. నా శైలి బాగుందట, ప్రస్తుతం నవలలు వేయడం లేదట, వ్యక్తిత్వ వికాసం మీద ఏదైనా ఉంటే పంపమన్నారు. అదేందని అత్తమ్మ అడిగితే, మనుషులు ఎట్ల బాగుపడాల్నో చెప్పే పుస్తకాలని చెప్పాను. "రాసినోళ్లు బాగుపడ్డరా?" అంది. రెండో ప్రచురణకర్త, నేను ఫోను చేసిన మూడుసార్లూ "చూస్తున్నాం మేడం" అన్నాడు, నాలుగోసారి ఎత్తలేదు. మూడో చోటి నుంచి చడీచప్పుడు లేదు.

ఐలేశ్‌కు ఇదంతా వేళాకోళం. "ఏ కాన్పు ముందయితదో పందెం కడ్తవా?" అనేవాడు. ఒకరోజు మాత్రం నవ్వకుండా, "వస్తే ఇప్పుడే రావాలె యమునా. పిల్ల పుట్టినంక నీకు పెన్ను పట్టే తీరికేడిది?" అన్నాడు. ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను. మా స్కూల్లో లెక్కల టీచరు పిల్లలు పుట్టకముందు కథలు రాసేదట. ఎవరో అంటే, "అవునా, రాసేదాన్నా?" అని ఆమే ఆశ్చర్యపోయింది. నాకు అట్లా కావాలని లేదు. డిసెంబరు లోపల ఒక్కరన్నా అవునంటే, తర్వాత పాలసీసాల మధ్య కూర్చునైనా రాస్తానని నా ధైర్యం. ఎవరూ అనకపోతే ఆ ధైర్యం ఉండదని నాకు తెలుసు.

హైదరాబాదు వాళ్లు చదవకపోతే ఊళ్లోనే ఎవరన్నా చదవకూడదా అనిపించి, బీరువాలో కాపీని ఆశ వర్కర్ భాగ్యకు ఇచ్చాను. అక్కడే నా పొరపాటు మొదలైంది. మా అంగన్‌వాడీలో కడుపుతో ఉన్నవాళ్లకు రోజూ మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు, గ్లాసెడు పాలు పెడతారు. ఇంటికి పట్టుకుపోనివ్వరు, అక్కడే కూర్చుని తినాలి. ఆరుగురం తినేవాళ్లం. భాగ్య పదో తరగతి దాకా చదివింది, గొంతు మంచిది. మేం తింటుంటే రోజుకింత చొప్పున నా నవల చదవడం మొదలుపెట్టింది.

నవ్వుతారేమో గానీ, నా జీవితంలో అంత సుఖం ఎరుగను. తండా నుంచి వచ్చే రాజీ గుడ్డు ఒలుస్తూ చెయ్యి ఆపేసి వినేది. "అక్కా, ఆ సర్పంచి కొడుకు గంత మంచోడేం కాడు, ముంగట మోసం చేస్తడు సూడు" అని నా కథ నాకే చెప్పేది. మా వాడ బుచ్చవ్వ చిన్న కోడలైతే పాలు తాగనని రోజూ మారాం చేసేది. తాగితేనే చదువుతానని భాగ్య పుస్తకం మూసేది.

నేను వాళ్లెవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పెళ్లయిన మొదటి ఎండాకాలం ఐలేశ్ జనగామ బస్టాండు నుంచి మల్లెపూలు తెచ్చాడు. సగం తుంచి అత్తమ్మకివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. కనకాంబరాలు పెట్టుకునేది, చేమంతులు పెట్టుకునేది, మల్లెలు మాత్రం తాకేది కాదు. ఎందుకని అడిగాను. కొత్త కోడలిని కదా, నోరు ఊరుకోలేదు. ఆమె బియ్యం చెరుగుతూ, చేట ఆపకుండానే చెప్పింది. ఐలేశ్ కన్నా ముందు ఆడపిల్ల పుట్టిందట. తొమ్మిదో రోజున పసిరికలై, ఒళ్లంతా పచ్చబడి పోయిందట. పాలు ఆగకపోతే వాళ్లత్త రొమ్ములకు మల్లెపూలు కట్టించిందట, దినాం మూడు మూరలు. పూలు వాడేవి గానీ పాలు ఆగలేదట, వారం పట్టిందట. అంతే, చేట పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పొద్దని ఆమె అనలేదు. అనాల్సిన పని లేదనుకుంది కాబట్టి అనలేదు.

ఆ ముచ్చట నా నవలలో పదకొండో అధ్యాయం అయింది. పేరు వేరు, ఊరు వేరు, పూలు మాత్రం అవే. రాసినన్నాళ్లు నన్ను నేను మెచ్చుకున్నాను. అడగాలన్న ఆలోచన ఒకటి రెండుసార్లు వచ్చింది, దాన్ని తెలివిగా పక్కకు నెట్టాను.

అక్టోబరులో ఒకరోజు స్కానింగుకని నేనూ ఐలేశ్ జనగామ పోయాం. ఆరోజు అంగన్‌వాడీలో భాగ్య పదకొండోది చదువుతుందని నాకు తట్టనేలేదు. తిరిగొచ్చేసరికి మా అరుగు మీద బుచ్చవ్వ, ఇంకో ఇద్దరు ముసలమ్మలు. బుచ్చవ్వ చెయ్యి తిప్పుతూ గట్టిగా మాట్లాడుతోంది.

"కడుపుతోని ఉన్నోళ్లను కూసోవెట్టి సచ్చిన పిల్ల ముచ్చట సదువుతరానే? మా చిన్న కోడలు ఏడ్సుకుంట వచ్చింది. బువ్వ సుత తినలె."

"కథనే గదనే బుచ్చక్కా," అత్తమ్మ నన్ను వెనకేసుకొస్తోంది. "కథల పుట్టరా, సావరా? మా యమున ఎంత కష్టపడి రాసింది."

బుచ్చవ్వ నా వైపు ఒకసారి చూసింది. ఆమె గొంతు తగ్గిపోయింది.

"కథ కాదే కట్టమ్మ. పాలు ఆగాల్నని మల్లెపూలు కట్టిన ముచ్చట ఉన్నదంట అండ్ల. గా పూలు గుచ్చిచ్చింది నేనే గదనే."

ఐలేశ్‌కు ఏమీ అర్థం కాక మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. అత్తమ్మ నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఎండకు వడి వచ్చినవ్. లోపటికి పా" అని చెప్పి, లోటాతో నీళ్లు తెచ్చిచ్చి, గేదె దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. అన్నీ చేసేది. పొద్దున వేణ్నీళ్లు కాగేవి, ఇనుము గోలీ పక్కన మంచినీళ్లు ఉండేవి, కాళ్లు వాచాయని చూసి అడగకుండానే దిండు తెచ్చి కాళ్ల కింద పెట్టేది. మాట ఒక్కటే లేదు. "వచ్చిందా?" అని అడిగే మనిషి అడగడం మానేసింది. అమ్మ పోయినప్పుడు కూడా ఇల్లు నాకంత ఖాళీగా అనిపించలేదు. భాగ్య వచ్చి, "నాకేం తెల్సక్కా, తెలిస్తే సదువుదునా" అని ఏడ్చింది. తప్పు ఆమెది కాదని చెప్పి పంపాను.

ఐలేశ్ రెండు రోజులు ఊరుకున్నాడు. మూడో రోజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నాకొక అక్క ఉండెనని నీ పుస్తకం సదివి తెలుసుకోవాల్నా?" అన్నాడు.

"అత్తమ్మ నీకు చెప్పలేదని నాకు తెలియదు."

"నాకు సుత చెప్పనిది నీకు చెప్పింది. నువ్వేమో ఊరికి చెప్పినవ్." టిఫిను డబ్బా అక్కడే మరిచిపోయి బస్సుకు పోయాడు.

పత్తి పగిలింది. మా రెండెకరాల్లో మొదటి ఏరుడు మొదలైంది. కూలీల్లో తండా రాజీ కూడా ఉండేది. అత్తమ్మ వాళ్లతో పాటు పొద్దున పోతే మధ్యాహ్నం దాటాక వచ్చేది. అట్లాంటి ఒక పూట, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఫోను మోగింది.

"యమున గారేనా? అరవింద్‌ను మాట్లాడుతున్నాను. జూన్‌లో మీరు పంపిన నవల గురించి." మూడో చోటు. గోడ పట్టుకుని కూర్చున్నాను. ఆయన నెమ్మదిగా, ఆలస్యానికి క్షమాపణ చెబుతూ మాట్లాడాడు. వేస్తామన్నాడు. డిసెంబరులో బుక్‌ఫెయిరుకు తెస్తామన్నాడు. "ఆ పదకొండో అధ్యాయం ఉంది చూడండి, అది మా ఆఫీసులో అందరం రెండేసిసార్లు చదివాం. మీ నవలకు ప్రాణం అదే" అన్నాడు.

నాలుగు నెలలు ఏ మాట కోసం చెవులు పెట్టుకుని కూర్చున్నానో ఆ మాట వచ్చింది. ఏడుపొచ్చింది, అది సంతోషం కాదు. లోపల పిల్ల తన్నుతోంది. బయట అరుగు మీద అత్తమ్మ పాత చెప్పులున్నాయి. నాలుగు నిమిషాల తర్వాత నేనే తిరిగి ఫోను చేశాను.

"సర్, పదకొండోది తీసేసి వేయగలరా?"

"ఎందుకు?" అన్నాడు.

"అది నాది కాదు. అడగకుండా తీసుకున్నాను."

"చూడండమ్మా, అది లేకపోతే మిగతాది నిలబడదు. మిమ్మల్ని బలవంతపెట్టను. సోమవారం దాకా ఆగుతాను. అడగాల్సిన వాళ్లను అడగండి."

అడగడం అంత తేలికైతే మొదటే అడిగేదాన్ని. శుక్రవారం పోయింది. శనివారం పోయింది. రాత్రి ఐలేశ్‌కు చెప్తే, "అవ్వనే అడుగు, నన్నెందుకు అడుగుతవ్" అన్నాడు. కోపం కాస్త తగ్గిన గొంతే. పుస్తకం వద్దని ఆదివారం పొద్దున నిశ్చయించుకున్నాను. ఉన్న నాలుగో కాపీని పొయ్యిలో పెడదామని కూడా అనుకున్నాను. అది సినిమా వేషం లాగుందని నాకే సిగ్గేసి ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ చేను నుంచి తొందరగా వచ్చింది. ముందరి గదిలో పత్తి కుప్ప నడుము ఎత్తున ఉంది. దాని పక్కన చతికిలబడి, పత్తిలో ఇరుక్కున్న ఎండాకులు ఏరుతూ, నా వైపు చూడకుండా అంది.

"రాజీ ఏడ్సింది చేన్ల."

పదిహేను రోజుల తర్వాత మొదటి మాట.

"దానికి సుత మొదటి పిల్ల పోయిందట. పాలు ఆగకపోతుండెనట. ఎవలకు చెప్పుకోలేదట. నీ కథ ఇన్నంక గిప్పుడు చెప్పుకుంటున్నది నాతోని. పత్తి సాళ్ల మధ్యల కూసొని ఇద్దరం..." అక్కడ ఆగిపోయింది. ఆకు ఏరి పక్కన పడేసింది. "ఏం రాసినవ్ అండ్ల? సదువు."

భాగ్య తిరిగిచ్చిన కాపీ తెచ్చాను. కింద కూర్చోలేక కుర్చీలో కూర్చుని చదివాను. పురిటి గది చదివాను, పసిరికలు చదివాను. మల్లెపూల దగ్గరికొచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి, నేనూ ఆగాను. "సదువు" అంది. చదివాను. తండ్రి పిల్లను తెల్లగుడ్డలో చుట్టి తీసుకుపోవడం, సాయంత్రానికి ఒక్కడే తిరిగి రావడం, చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చోవడం.

"ఆగు."

ఆగాను.

"గది తప్పు. ఆయన తినలె."

మామయ్య ఎక్కువ మాట్లాడని మనిషి. నేను చూసిన ఏడాదిన్నరలో నవ్విందే తక్కువ. ఆ మౌనం చూసి నేనే అల్లుకున్న వాక్యం అది.

"నాలుగు దినాలు బువ్వ ముట్టలె ఆయన. ఏడ పెట్టివచ్చినవయ్యా అని అడిగితే చెప్పకపాయె. నేను పోయి కూసుంటనని భయం. దినాం తెల్లారి ఆయనే పోతుండె ఒక్కడు. గట్ల రాయి. గీ బువ్వ తిన్నది తీసెయ్."

"తీసేస్తానత్తమ్మ."

"ఇంకేమున్నది?"

ఇంకొక పేజీ ఉంది. అది చదవడానికి నాకు భయమేసింది. పేరు పెట్టే ఇరవై ఒకటో రోజు రాకముందే పోయింది కాబట్టి ఆ పిల్లకు పేరు లేదు. పేరు లేని పిల్లను తల్లి తలుచుకోవాలంటే ఎట్లా తలుచుకుంటుందో రాయలేక, నవలలో ఆ తల్లి ఎవరికీ చెప్పకుండా మనసులో ఒక పేరు పెట్టుకున్నట్టు రాశాను. ఆ కాలపు ఆడపిల్లలకు పెట్టే పేరే, గొప్పదేమీ కాదు. చదివాను.

అత్తమ్మ తలెత్తింది. "ఏం పేరు?"

"స్వరూప."

ఆమె పత్తి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. కళ్లు తుడుచుకోలేదు, కారుతుంటే కారనిచ్చింది. పెదవులు ఒకసారి కదిలాయి, పలికిందో లేదో నాకు వినపడలేదు. నేను కుర్చీలోంచి లేచి, అంత పొట్టతో ఎట్లాగో ఆమె పక్కన కూలబడ్డాను. "తప్పయిందత్తమ్మ. అడగాల్సింది. పుస్తకం వద్దని చెప్పేస్తాను" అన్నాను.

"ఎందుకద్దు?" కొంగుతో మొహం అద్దుకుంది. "ఆయన తినలేదని రాసి పంపియ్. అబద్ధం ఉంచి పంపకు." లేస్తూ నా భుజం పట్టుకుంది. "గిట్ల కింద కూసుంటరా తొమ్మిదో నెలల? లెవ్వు. ఎవలు లేపాలె నిన్ను?"

ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని లేచాం. సోమవారం దాకా ఆగలేదు, ఆ సాయంత్రమే అరవింద్ గారికి ఫోను చేశాను. మామయ్య నాలుగు రోజుల ఉపవాసం రాయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. రాసినవన్నీ అత్తమ్మకు చదివి వినిపించాకే పంపాను. ఆమె ఇంకో రెండు తప్పులు పట్టింది.

డిసెంబరు తొమ్మిదిన, మూడు రోజులు ముందే, జనగామలో కూతురు పుట్టింది. తొమ్మిదో రోజున అత్తమ్మ పొద్దున్నుంచి పిల్లను ఒడిలోంచి దించలేదు, గేదె పాలు కూడా ఐలేశే పిండాడు. పదో రోజు తెల్లారాక మాత్రం, "ఇగ తీస్కో, ఆకలైతున్నట్టున్నది" అని నా చేతికిచ్చింది. ఎందుకట్లా చేసిందో మేమిద్దరం అడగలేదు.

బుక్‌ఫెయిరుకు నేను పోలేదు. పుస్తకాల కట్ట బస్సులో పాలకుర్తికి వస్తే ఐలేశ్ బండి మీద తెచ్చాడు. పందెం సంగతి ఎత్తబోయి మానుకున్నాడు. అత్తమ్మ ఒక పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆ పేరు ఏ పేజీలో ఉందో చూపించమంది. చూపించాను. ఆ కాగితం కొస మడిచి, దేవుడి గూట్లో పెట్టింది.

ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేశాం. నర్మెట్ట నుంచి అన్నావదినలు వచ్చారు. భాగ్య, రాజీ, బుచ్చవ్వ అందరూ వచ్చారు. ఐలేశ్ పళ్లెంలో బియ్యం పోసుకుని తొట్టెల పక్కన కూర్చున్నాడు. మా ఇద్దరికీ పేరు గురించి వాదనే రాలేదు. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకు పెట్టుకోవడం మాలో ఉన్నదే, అత్తమ్మ సంతోషపడుతుందనే అనుకున్నాం.

"స్వరూప అని రాస్తున్ననే అవ్వా," అన్నాడు ఐలేశ్, వేలు బియ్యంలో పెట్టి.

తొట్టెల తాడు పట్టుకుని ఉన్న అత్తమ్మ ఊపడం ఆపింది.

"అద్దు కొడుకా. దీనికి ఇంకో పేరు సూడున్రి."

"అక్క పేరే గదనే."

"అందుకే అద్దు," అంది అత్తమ్మ. "ఒక్క ఇంట్ల ఇద్దరికి ఒక్కటే పేరుంటే, నేను పిలిస్తే ఎవలు పలకాలె?"

ఐలేశ్ పళ్లెంలో బియ్యాన్ని అరచేత్తో సదును చేశాడు.